కార్జపు జలగ (లివర్ ఫ్లూక్) మైటోజీనోమ్ (మైటోకాండ్రియాకు ఉండే సొంత డీఎన్‌ఏ మొత్తం) 14 వేల బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు) రావాలె, నాకు 16 వేలు దాటింది. ఎక్కడ తేడా?

కార్జం_శాంపిల్
హనుమకొండ దగ్గరి కమేళాలో బర్రె కార్జాల నుంచి తీసిన జలగలు. ఆకారం చూస్తే ఫాసియోలా జైగాంటికానే (పొడుగ్గా, భుజాలు అంతగా తేలకుండా, రెండు పక్కల అంచులు దాదాపు సమాంతరంగా). రెండు పురుగులు, రెండు ట్యూబులు. ఇల్యూమినా మెషీన్‌ల 150 పెయిర్డ్ ఎండ్ (ఒక్కో డీఎన్‌ఏ ముక్కను రెండు చివర్ల నుంచి 150 బేసుల చొప్పున చదువుడు, అట్ల చదివిన ఒక్కోటి ఒక రీడ్), ఒక్కోదానికి 3 గిగాబేసులు. రీడ్లను అతికి అసెంబ్లీ చేసే ప్రోగ్రాం గెట్ఆర్గనెల్‌లో జంతు మైటో సీడ్ (వెతుకుడు మొదలుపెట్టే నమూనా వరుస) డిఫాల్ట్‌గా పెట్టి నడిపిన.
మొదటి పురుగు: ఒకే ముక్క, వలయంగా మూసుకుంది, 16,360 దగ్గర.
రెండో పురుగు: ఒకే ముక్క, 13,900 దగ్గర, మూసుకుంటలేదు.
జెన్‌బ్యాంక్‌లో (అందరూ డీఎన్‌ఏ వరుసలు జమచేసే డేటాబేస్) చూసిన ఫాసియోలాలు 14,450కి కాస్త అటూ ఇటూ ఉన్నయ్. మొదటిదాంట్ల రిపీట్లు (మళ్ళీ మళ్ళీ వచ్చే వరుసలు) పెరిగి 16 వేలయిందా? రెండోదాన్ని ఎట్ల మూయాలె?

కేమర్_పిచ్చోడు
మొదటిది బ్లాస్ట్ (డేటాబేస్‌తో పోల్చి చూసుడు) చేసినవా తమ్మీ? చెయ్యకముందే చెప్తున్నా, అది జలగ కాదు, బర్రె. 16,360 అంటే అచ్చం బర్రె మైటో సైజు. వలయం ముద్దుగా మూసుకుందంటేనే అనుమానపడాలె.

గోదారిఖని_గొర్రె
జలగను సీక్వెన్స్ చెయ్యమంటే బర్రెను చేసి పంపిండ్రు 😀 పాలు ఎన్ని లీటర్లు ఇస్తదట?

మామునూరు_పశువైద్యం
నవ్వులు సరే గానీ ఇది మామూలుగా జరిగేదే. పెద్ద జలగ పిత్తనాళంలో కూర్చుని రక్తం తాగుతుంది. దాని పేగునిండా బర్రె కణాలే. తెల్ల రక్తకణాల్లో న్యూక్లియస్, మైటోకాండ్రియా రెండూ ఉంటాయి కాబట్టి ఆ డీఎన్‌ఏ కూడా సీక్వెన్సింగ్‌కు తయారుచేసే లైబ్రరీలోకి వస్తుంది. కార్జం నుంచి తీయగానే ఆల్కహాల్‌లో వేశారా, లేక సెలైన్‌లో ఉంచారా?

కార్జం_శాంపిల్
సెలైన్‌ల రెండు మూడు సార్లు కడిగి వెంటనే ఆల్కహాల్‌ల వేసిన సార్.

మామునూరు_పశువైద్యం
కడిగితే పై మురికే పోతుంది, లోపలిది పోదు. 0.85 శాతం సెలైన్ 37 డిగ్రీల్లో పెట్టి బతికున్న జలగల్ని అందులో కొన్ని గంటలు వదలాలి. నల్లగా, కాఫీపొడిలా కక్కుతాయి. నీళ్ళు నల్లబడ్డప్పుడల్లా మార్చాలి. కక్కడం ఆగాకే ఆల్కహాల్. చల్లటి సెలైన్‌లో వేస్తే ముడుచుకుపోతాయి, కక్కవు. కమేళాకి వెళ్ళేటప్పుడు థర్మాస్ ఫ్లాస్క్‌లో వెచ్చటి సెలైన్ పోసుకుని వెళ్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఓరుగల్లు_జెల్
పైదానికి ఇంకొకటి కలుపుతున్నా. "పేగు లేని చోట ముక్క కోస్తే సరిపోతుంది కదా" అని చాలామంది అంటరు. వేరే జలగలకు నడుస్తది గానీ ఫాసియోలాకు నడవది. దాని పేగు కొమ్మలు కొమ్మలుగా చీలి ఒంటినిండా పాకి ఉంటది, అంచు కోసినా పేగు తగుల్తనే ఉంటది. అందుకే కక్కించుడే మార్గం. తల భాగం, అంటే రెండు సక్కర్లు ఉన్న ముక్క, దాచిపెట్టాలె. రేపు ఎవరన్నా "ఇది ఏ జాతో ఎట్ల తెలుసు" అంటే చూపించడానికి ఉండాలె కదా.
డీఎన్‌ఏ తీసేటప్పుడు 25 మిల్లీగ్రాములకు మించి టిష్యూ వెయ్యొద్దు, డీఎన్‌ఏను పట్టే కాలమ్ మూసుకపోతది. కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ 180 మైక్రోలీటర్లు, ప్రొటినేజ్-కె ఎంజైమ్ 20 మైక్రోలీటర్లు, 56 డిగ్రీల్లో ముక్క కరిగిపోయేదాకా, రాత్రంతా ఉంచినా ఏం కాదు. టిష్యూను ముందు ఆల్కహాల్ నుంచి తీసి ఆరబెట్టాలె. తడి ఆల్కహాల్‌తో వేస్తే ఎంజైమ్ సరిగ పని చెయ్యది, మర్నాడు చూస్తే ముక్క ముక్కలాగనే ఉంటది. ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏను కరిగించే ఎంజైమ్) మర్చిపోవద్దు. నానోడ్రాప్ ఆర్‌ఎన్‌ఏను కూడా కలిపి లెక్కేసి రెండింతలు మూడింతలు చూపిస్తది. లైబ్రరీకి ఇచ్చేటప్పుడు డీఎన్‌ఏను మాత్రమే కొలిచే క్యూబిట్ లెక్కనే నమ్మాలె.

కార్జం_శాంపిల్
బ్లాస్ట్ అయింది. మొదటిది బర్రెనే, 99 శాతం పైన. రెండోది జైగాంటికా. మరి మొదటి పురుగు డేటా పనికిరాదా?

కేమర్_పిచ్చోడు
పారెయ్యకు. గెట్ఆర్గనెల్ డిఫాల్ట్ సీడ్‌ల అన్ని రకాల జంతువులూ ఉంటయ్. ఏ మైటో లోతు (ఒక్కో బేసును ఎన్ని రీడ్లు చదివినయో ఆ లెక్క) ఎక్కువుంటే అది ముందు పైకొస్తది. నీ డేటాల బర్రె లోతు ఎక్కువుంది, అదే గెలిచింది. ఇట్ల చెయ్యి:
బర్రె రిఫరెన్స్ జీనోమ్ (న్యూక్లియర్, మైటో రెండూ కలిపి) పెట్టి బోటై-2 ప్రోగ్రాంతో మ్యాప్ చెయ్యి (రీడ్లు దాని మీద ఎక్కడ అతుకుతయో చూడు). సామ్‌టూల్స్‌ల ఫ్లాగ్ 12 పెట్టి, జతల రెండు రీడ్లూ అతకనివే బయటికి తియ్యి. ఆ మిగిలినదాన్ని జైగాంటికా రిఫరెన్స్ సీడ్‌గా ఇచ్చి మళ్ళీ నడుపు. గెట్ఆర్గనెల్ బదులు నోవోప్లాస్టీ అయితే సీడ్‌గా జలగ కాక్స్-1 (ఒక మైటో జీన్) ముక్క చాలు.
తర్వాత లోతు చూడు. 3 గిగాబేసుల్లో అర శాతం మైటో అనుకున్నా కోటిన్నర బేసులు, దాన్ని 14,500తో భాగిస్తే వెయ్యి రెట్ల లోతు. నీకు ముప్పై నలభై రెట్లే వస్తే ఆ పురుగు డేటాల సింహభాగం బర్రెదే అన్నట్టు. అప్పుడు కొత్త పురుగు తీసుకోవుడే నయం.

రెండో_వరస
మైటో ఒక్కటే తీసేసి న్యూక్లియర్ జీనోమ్ వదిలేస్తే కాదా? కంప్యూటర్ మీద భారం తగ్గుతది కదా.

కేమర్_పిచ్చోడు
కాదు. బర్రె న్యూక్లియర్ జీనోమ్‌ల కూడా మైటో ముక్కలు ఇరుక్కుని ఉంటయ్, వాటినే నమ్ట్ అంటరు. పిల్లిల అయితే 1994లనే దాదాపు 8 వేల బేసుల మైటో ముక్క వరుసగా రిపీట్ అయి న్యూక్లియస్‌ల కూర్చున్నట్టు తేలింది. ఆ పేరు అప్పుడు పెట్టిందే. మైటో ఒక్కటే తీసేస్తే ఈ ముక్కల రీడ్లు మిగిలి అసెంబ్లీల గడ్డిలెక్క అడ్డం పడ్తయ్.

చెట్టు_కొమ్మ
ఆ బర్రె వలయాన్ని కూడా దాచుకో బాబూ. పరాన్నజీవి పొట్టలో దొరికిన డీఎన్‌ఏతో దాని ఆతిథేయి ఏదో చెప్పే పద్ధతి ఉంది. 2012లో వియత్నాం అడవుల్లో నేల మీద తిరిగే అసలు జలగల (లీచ్‌లు, ఫ్లూకులు కాదు) పొట్టలో రక్తంతోనే అక్కడ ఏ క్షీరదాలున్నాయో పట్టుకున్నారు, అరుదైన చారల కుందేలు కూడా అందులో దొరికింది. నీది ఏ బర్రెదో కమేళాలో తెలుసు కాబట్టి పెద్ద విశేషం కాదు. కానీ ట్యూబుల మీద పేర్లు తారుమారు కాలేదని చెప్పడానికి సాక్ష్యంగా పనికొస్తుంది.

జగిత్యాల_పీసీఆర్
రెండో పురుగు మూసుకోకపోవడం గురించి ఎవరూ మాట్లాడ్తలేరేంది? 14,450 రావాల్సిన చోట 13,900 అంటే 500 పైచిలుకు తక్కువ. అది దాదాపు ఖాయంగా నాడ్-5, కాక్స్-3 అనే జీన్లకు మధ్య ఉండే నాన్‌కోడింగ్ (జీన్ లేని) భాగం. అక్కడ ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తే 150 బేసుల రీడ్ దాన్ని దాటలేదు, అసెంబ్లర్ అక్కడే ఆగిపోతది.
ముందు ఖర్చు లేని పని చెయ్యి. నాడ్-5 చివర ఒక ఫార్వర్డ్ ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క), కాక్స్-3 మొదట్ల ఒక రివర్స్ ప్రైమర్ నీ అసెంబ్లీ నుంచే డిజైన్ చేసుకో. మామూలు పీసీఆర్, ఎక్స్‌టెన్షన్ 2 నిమిషాలు. జెల్ మీద ఒకటే బ్యాండ్ వస్తే, దాని సైజుల నుంచి రెండు పక్కల తెలిసిన భాగాన్ని తీసేస్తే మిగిలింది నీ ఖాళీ. వెయ్యి లోపు అయితే రెండు పక్కల నుంచి శాంగర్ (ఒక్క ముక్కనే చదివే సీక్వెన్సింగ్) చేసి మూసెయ్యొచ్చు. మెట్లు మెట్లుగా నిచ్చెన లెక్క వస్తే రిపీట్ అన్నట్టు.

ఓరుగల్లు_జెల్
నిచ్చెన వచ్చిందంటే నిజంగా పురుగుల అన్ని పొడవులు ఉన్నయనుకోవద్దు. రిపీట్ మీద పాలిమరేజ్ (డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమ్) జారుతది, పీసీఆరే కొన్ని పొడవులు పుట్టిస్తది. సైకిళ్ళు 25కు తగ్గించి చూడాలె.

కేమర్_పిచ్చోడు
జెల్ కంటే ముందు కవరేజ్ గ్రాఫ్ చూస్కో, అది ఇంకా సస్తా. రీడ్లన్నీ తిరిగి అసెంబ్లీ మీద మ్యాప్ చెయ్యి. అంతటా 800 రెట్లు ఉండి ఒక 100 బేసుల దగ్గర 4,000కు లేస్తే, అక్కడ అయిదు కాపీలు ఒక్కదాంట్ల ముడుచుకున్నట్టు. లెక్క మరీ కచ్చితంగా రాదు గానీ అంచనా దొరుకుతది.

చెట్టు_కొమ్మ
నేను ఇక్కడ కొంచెం విభేదిస్తాను. పీసీఆర్‌తోనూ కవరేజ్‌తోనూ రిపీట్ల లెక్క తేల్చి "పూర్తి మైటోజీనోమ్" అని రాసేయడం వల్లే జెన్‌బ్యాంక్‌లో పొట్టి రికార్డులు పేరుకుపోయాయి. ఊపిరితిత్తుల జలగ పారాగోనిమస్ వెస్టర్మానీ సంగతి చూడండి. మన దేశపు పురుగును పొట్టి రీడ్లతో చేస్తే 15 వేలు, పొడవు రీడ్లతో చేస్తే 20 వేలు దాటింది. తేడా అంతా ఆ నాన్‌కోడింగ్ భాగంలోనే. రక్తనాళాల్లో ఉండే జలగ షిస్టోసోమా మాన్సోనీలో ఆ భాగం పొడవు పురుగు పురుగుకీ మారుతుంది. అలాంటప్పుడు ఒక్క నంబర్ రాసి ఇదే సైజు అనడంలో అర్థం లేదు.
పొడవు రీడ్ అంటే నానోపోర్. అదీ పీసీఆర్ లేకుండా నేరుగా డీఎన్‌ఏ మీద.

జగిత్యాల_పీసీఆర్
సార్, చెప్పింది నిజమే. కాని ఒక విద్యార్థి దగ్గర నానోపోర్ ఫ్లోసెల్‌కు డబ్బులు లేవంటే? బంధుత్వాల చెట్టు గీయడానికి ఆ నాన్‌కోడింగ్ భాగం పనికే రాదు. 12 జీన్లు, 2 ఆర్‌ఆర్‌ఎన్‌ఏలు, 22 టీఆర్‌ఎన్‌ఏలు నిండుగా ఉంటే చాలు. "దాదాపు పూర్తి" అని నిజాయితీగా రాస్తే గొడవే లేదు.

చెట్టు_కొమ్మ
అలా రాస్తే నాకూ గొడవ లేదు. చాలామంది రాయరు, అదే నా ఫిర్యాదు.

రెండో_వరస
12 జీన్లా? జంతువులకు 13 ప్రొటీన్ జీన్లు అని చదివిన. మనిషి మైటో 16,569 బేసులు, 37 జీన్లు, 1981ల మొత్తం చదివిండ్రు అని బట్టీ కూడా పెట్టిన.

కార్జం_శాంపిల్
జలగలకు ఏటీపీ-8 జీన్ ఉండదు అన్నా. అందుకే 36.

పాకాల_నత్త
గుండ్రటి పురుగుల్లో కూడా ఎక్కువ వాటికి లేదు, ట్రైకినెల్లా లాంటివి తప్ప. అందుకే ఇది పరీక్షగా కూడా పనికొస్తుంది. "జలగ" అసెంబ్లీలో ఏటీపీ-8 చక్కగా కనబడితే ఆతిథేయిదో నత్తదో కలిసిందేమో చూడాలి. ఇంకో గుర్తు: జలగల్లో జీన్లన్నీ ఒకే పోగు మీద, ఒకే దిక్కుకు ఉంటాయి. బర్రెలో నాడ్-6, కొన్ని టీఆర్‌ఎన్‌ఏలు ఎదురు పోగు మీద ఉంటాయి. మొదటి వలయాన్ని అనొటేట్ చేసి (ఏ జీన్ ఎక్కడుందో గుర్తించి) ఉంటే బ్లాస్ట్ అక్కరలేకుండానే బయటపడేది.

గోదారిఖని_గొర్రె
పేన్ల ముచ్చట కూడా చెప్పు అక్కా, మా పిలగాండ్ల తలల్ల మస్తు శాంపిల్ ఉన్నది.

పాకాల_నత్త
పేను మైటో ఒక్క వలయం కాదు. మనిషి పేనులో 37 జీన్లూ చిన్న చిన్న వలయాలుగా విడిపోయి ఉంటాయి. ఒక్కోటి 3-4 వేల బేసులు, ఒక్కోదాంట్లో ఒకటి నుంచి మూడు జీన్లు. 2009లో మొదట 18 వలయాలు లెక్క తేలాయి. కాబట్టి పేను డేటాలో "ఒక వలయం రావడం లేదు" అని కూర్చుంటే ఎప్పటికీ రాదు. సాల్మన్ చేపల్లో బతికే హెనెగ్యుయా అనే పరాన్నజీవికి అయితే మైటో జీనోమే లేదని 2020లో తేలింది. ఆక్సిజన్ లేకుండా బతికే జంతువు.

మామునూరు_పశువైద్యం
పశువుల్లో సర్రా జబ్బు తెప్పించే ట్రిపనోసోమా ఇవాన్సీ జంతువు కాదు, ఏకకణ జీవి. అయినా చెప్పుకోదగ్గదే. దాని బంధువుల్లో కైనెటోప్లాస్ట్‌లో (మైటో డీఎన్‌ఏ ముద్దలో) పెద్ద వలయాలు, చిన్న వలయాలు రెండూ ఉంటే, దీనికి పెద్ద వలయాలు పూర్తిగా పోయాయి. ట్సెట్సీ ఈగలో ఎదగడానికి అవి కావాలి. అవి పోయాయి కాబట్టే అది ఆఫ్రికా దాటి మన గుర్రాల్లో, బర్రెల్లో జోరీగల నోటి మీదుగా తిరుగుతోంది. మలేరియా పరాన్నజీవి మైటో కూడా 6 వేల బేసులే, మూడే ప్రొటీన్ జీన్లు. 1897లో రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే దోమలో దాన్ని పట్టుకున్నాడు.

కార్జం_శాంపిల్
మళ్ళీ నా పురుగు దగ్గరికి రండి 🙏 నాడ్-5, కాక్స్-3 పీసీఆర్ చేసిన. ఒకటే బ్యాండ్, 1,200 దగ్గర. నిచ్చెన లేదు. శాంగర్‌కు ఇస్తున్న. ఈలోపు మైటోస్-2 ప్రోగ్రాంల అనొటేషన్ పెట్టిన, జెనెటిక్ కోడ్ (మూడేసి బేసుల కోడాన్‌ను అమైనో ఆమ్లంగా చదివే పట్టిక) 5 ఇన్‌వర్టిబ్రేట్ అని. స్టాప్ కోడాన్లు (ప్రొటీన్ ఆగే చోట్లు) మధ్యల ఎక్కడా రాలేదు. అంటే సరిగ్గనే ఉన్నట్టా?

కేమర్_పిచ్చోడు
ఆగు ఆగు ఆగు.

చెట్టు_కొమ్మ
ఈ త్రెడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. జలగలకు కోడ్ 5 కాదు, 9. చదునుపురుగులకూ, నక్షత్ర చేపల జాతికీ కలిపి ఉన్నది.
తేడా ఎక్కడో చూడు. టీజీఏ రెండింటిలోనూ ట్రిప్టోఫాన్. ఏజీఏ, ఏజీజీ రెండింటిలోనూ సెరిన్. అందుకే 5 పెట్టినా స్టాప్ రాదు, అలారం మోగదు. కానీ ఏఏఏ 5లో లైసిన్, 9లో ఆస్పరజిన్. ఏటీఏ 5లో మెథియోనిన్, 9లో ఐసోల్యూసిన్. ప్రొటీన్లన్నిట్లో ఆ చోట్లు నిశ్శబ్దంగా తప్పుతాయి. నువ్వు అమైనో ఆమ్లాలతో చెట్టు గీస్తే, జెన్‌బ్యాంక్ నుంచి 9తో అనువదించినవి తెచ్చి పక్కన పెడితే, నీ పురుగు ఒక్కటే పొడుగు కొమ్మ మీద ఎక్కడో కూర్చుంటుంది. నువ్వేమో కొత్త జాతి దొరికిందని సంబరపడతావు.
కోడ్ 1 పెట్టి ఉంటే టీజీఏ దగ్గరల్లా స్టాప్ వచ్చేది, 2 పెట్టి ఉంటే ఏజీఏ దగ్గర. అవి నయం, వెంటనే తెలుస్తాయి. 5 మాత్రం దొరకని దొంగ.

ఓరుగల్లు_జెల్
పై పోస్టును ప్రింట్ తీసి ల్యాబ్ గోడకు అంటించాలె.

కేమర్_పిచ్చోడు
కోడ్ 9 పెట్టినంక కూడా మైటోస్‌ను గుడ్డిగా నమ్మకు. చేత్తో చూడాల్సినవి: మొదట కోడాన్ ఏటీజీ గాని జీటీజీ గాని ఉండాలె, చివర టీఏఏ గాని టీఏజీ గాని. మైటోస్ చాలాసార్లు జీన్ మొదలు కొన్ని కోడాన్లు లోపలికి కోస్తది. నాడ్-4ఎల్, నాడ్-4 రెండూ 40 బేసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయ్, అది తప్పు కాదు, అట్లనే ఉంచు. "ఓవర్‌ల్యాప్ వచ్చింది" అని నాడ్-4 మొదలు నరికిన రికార్డులు చూసిన. టీఆర్‌ఎన్‌ఏల్ల సెరిన్ ఏజీఎన్ దానికి డి-చెయ్యి (దాని ఆకారంల ఒక కొమ్మ) ఉండదు, మామూలు ప్రోగ్రాం దాన్ని వదిలేస్తది. ఆర్వెన్ ప్రోగ్రాంల విడిగా వెతుకు.
ఎక్కడన్నా ఒక్క జీన్‌ల ఫ్రేమ్ తప్పితే ముందు టీల వరుస ఉన్న చోట చూడు. జలగ మైటోల టీ మస్తు ఎక్కువ, సీ బాగా తక్కువ. ఎనిమిది తొమ్మిది టీలు వరుసగా వస్తే నానోపోర్ ఒకటి మింగుతది. ఇల్యూమినా రీడ్లతో పాలిష్ చేస్తే దారిల పడ్తది.

రెండో_వరస
ఇంత కష్టమెందుకు? జేబీ3, జేబీ4.5 ప్రైమర్లతో కాక్స్-1ల నాలుగైదు వందల బేసులు, న్యూక్లియర్ ముక్క ఐటీఎస్-2 ఒకటి. జాతి ఏదో తెలిసిపోతది కదా.

జగిత్యాల_పీసీఆర్
జాతి గుర్తింపు ఒక్కటే కావాలంటే అంతే చాలు, మొత్తం మైటో దండగ. ఒకటి గుర్తుపెట్టుకో. అందరూ వాడే 658 బేసుల ఫోల్మర్ ప్రైమర్లు జలగలకు చాలాసార్లు పట్టవు, ఆతిథేయిదే లేస్తది. జేబీలు చదునుపురుగుల కోసం చేసినవి కాబట్టి వాటితోనే పోవాలె. కాని ఏ కుటుంబం ఏ కుటుంబానికి దగ్గర, ఎప్పుడు విడిపోయినయ్ అనే ప్రశ్నకు 400 బేసులు ఏ మూలకూ రావు.

చెట్టు_కొమ్మ
మొత్తం మైటో ఉన్నా ఒక హద్దు ఉంది. 12 జీన్లు కలిపి 100 బూట్‌స్ట్రాప్ (చెట్టులో కొమ్మ ఎంత గట్టిదో చెప్పే మార్కు) వచ్చిందంటే 12 సాక్షులు ఒకే మాట చెప్పినట్టు కాదు. మైటో అంతా ఒకే ముక్కగా, తల్లి నుంచి దిగుతుంది. చెట్టు లెక్కలో అది ఒక్క సాక్షే, కాకపోతే ఎక్కువసేపు మాట్లాడే సాక్షి.
ఫాసియోలా విషయంలో ఇది మరీ ముఖ్యం. కొండ చల్లదనంలో హెపాటికా, మైదానాల్లో జైగాంటికా, రెండూ కలిసిన చోట సంకరాలు. ఆసియాలో వీర్యం లేకుండానే గుడ్లు పెట్టే మధ్యరకాలున్నాయి. వాటి మైటో తల్లి ఎవరైతే వారిదే, స్వచ్ఛమైన జైగాంటికాలాగే కనబడుతుంది. "మైటో ప్రకారం జైగాంటికా" అని రాయి, "జైగాంటికా" అని తేల్చేయకు. న్యూక్లియర్ జీన్లు పెప్‌సీకే, పోల్డ్ రెండూ చేసి చూడు. రెండు జాతుల బ్యాండ్లూ ఒకే పురుగులో వస్తే సంకరం.

ఓరుగల్లు_జెల్
ఆ న్యూక్లియర్ పీసీఆర్‌కు గర్భసంచి ఉన్న ముక్క వాడొద్దు. అందుల గుడ్లు ఉంటయ్, ఆ గుడ్లల్ల వేరే జలగ వీర్యం డీఎన్‌ఏ ఉండొచ్చు. తల్లి స్వచ్ఛమైనదైనా సంకరం లెక్క కనబడ్తది. మైటోకు ఈ బాధ లేదు.

పాకాల_నత్త
చెట్టు_కొమ్మ సార్ చెప్పిన "ఒక్క సాక్షి" మాట నిజమే. కానీ కొన్నిసార్లు వరుస కంటే అమరిక గట్టి సాక్ష్యం ఇస్తుంది. షిస్టోసోమాలే చూడండి. జపానికమ్‌లో జీన్ల క్రమం మిగతా జలగల్లాగే ఉంటుంది. ఆఫ్రికా మాన్సోనీ, హీమటోబియమ్‌లలో క్రమం మారిపోయింది. మన పశువుల్లో ఉండే స్పిండేల్ ఏ వైపు ఉండాలి? ఆసియాలో దొరుకుతుంది కదా అని జపానికమ్ వైపు అనుకుంటాం. దాని మైటో చూస్తే మారిన ఆఫ్రికా క్రమమే. ఆసియాలో పుట్టి ఆఫ్రికాకు పోయి, అక్కడ క్రమం మారాక ఒక కొమ్మ తిరిగి ఇటొచ్చింది అనే వాదనకు ఇది బలం.

మామునూరు_పశువైద్యం
స్పిండేల్ వరకు సరే. పశువుల్లో గురక తెప్పించే షిస్టోసోమా నేసేల్ కూడా మన దగ్గరి పురుగే, 1933లో వర్ణించింది కూడా రావు అనే మన శాస్త్రవేత్తే. ముక్కు పొరల సిరల్లో ఉంటుంది, పురుగును సజీవంగా తీయడం నరకం. ముక్కు చీమిడిలో బూమరాంగ్ ఆకారం గుడ్లు దొరుకుతాయి గానీ డీఎన్‌ఏ చాలదు. ఎలా చేస్తారు అక్కా?

పాకాల_నత్త
నత్త దారిన రావాలి. ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్, చుట్టలా బల్లపరుపుగా ఉండే నత్త, పొలాల కాలువల్లో, చెరువు తూముల దగ్గర దొరుకుతుంది. ఒక్కో నత్తను ఒక్కో చిన్న గాజు ట్యూబులో, వడకట్టిన చెరువు నీళ్ళలో వేసి పొద్దున్నే వెలుతురులో పెట్టాలి. కుళాయి నీళ్ళు వద్దు, క్లోరిన్‌కు చస్తాయి. రెండు నుంచి నాలుగు గంటల్లో తోక చీలిన సెర్కేరియాలు (నీళ్ళలో ఈదే పిల్లపురుగులు) బయటికి వస్తే పిపెట్‌తో పీల్చి ఆల్కహాల్‌లోకి.
ఒకే మిరాసీడియం (గుడ్డు నుంచి వచ్చి నత్తలో దూరే పిల్లపురుగు) నుంచి వచ్చినవైతే అవన్నీ ఒకే జన్యువులవి. కాబట్టి వందలు కలిపినా ఒక్క పురుగులాంటిదే, డీఎన్‌ఏ సమస్య తీరుతుంది. చిక్కేమిటంటే ఒకే నత్తలో రెండు జాతులు ఉండొచ్చు. ఇదే నత్త స్పిండేల్‌కూ, ఇండికమ్‌కూ, పశువుల రుమెన్‌లో ఉండే పొట్ట జలగలకూ కూడా ఇల్లు. అందుకే నత్తకొక ట్యూబు, ముందు జేబీ ప్రైమర్లతో శాంగర్ చేసి, శిఖరాలు జంటగా రాలేదని చూసుకున్నాకే పెద్ద సీక్వెన్సింగ్.
గ్లవ్స్ లేకుండా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. నాట్లేసే వాళ్ళ కాళ్ళకు వచ్చే దురదల్లో కొన్ని వీటివే. మనిషిలో పెరగవు గానీ చర్మంలోకి దూరి దద్దుర్లు తెస్తాయి.

జగిత్యాల_పీసీఆర్
నత్త మైటోను కూడా అట్లనే తీయొచ్చా?

పాకాల_నత్త
తీయొచ్చు, కానీ కాలమ్ కిట్‌తో కాదు. జిగురు పాలిసాకరైడ్లు కాలమ్‌ను చంపేస్తాయి. 2 శాతం సీటాబ్, కొంచెం మెర్కాప్టోఇథనాల్, 60 డిగ్రీలు, తర్వాత క్లోరోఫామ్ ఐసోఅమైల్ 24కు 1. మధ్యలో తెల్ల పొర పోయేదాకా మళ్ళీ చేయాలి. 260/230 నిష్పత్తి (డీఎన్‌ఏ ఎంత శుభ్రమో చెప్పే కొలత) బాగా తక్కువ ఉంటే లైబ్రరీకి పంపొద్దు, డబ్బులు పోయినట్టే.

కార్జం_శాంపిల్
శాంగర్ వచ్చింది, రెండు పక్కలా కలిసినయ్. మొత్తం 14,460 దగ్గర మూసుకుంది. కోడ్ 9తో 12 జీన్లూ నిండుగా ఉన్నయ్. మొదటి పురుగు, బర్రెను తీసేసినంక, లోతు చాలా తక్కువ, మధ్యల రంధ్రాలున్నయ్. దాన్ని వదిలేసి కొత్తది తెస్త. ఇగ చెట్టు. న్యూక్లియోటైడా, అమైనో ఆమ్లమా?

చెట్టు_కొమ్మ
రెండూ గీయి. కుటుంబాల స్థాయికి అమైనో ఆమ్లం, జాతి లోపల తేడాలకు న్యూక్లియోటైడ్. అలైన్‌మెంట్ (వరుసల్ని పక్కపక్కన సరిపెట్టడం) ప్రొటీన్ మీద చేసి (మాఫ్ట్ ప్రోగ్రాం చాలు) కోడాన్ల మీదకు తిరగెయ్యి. దూరపు బంధువుల మధ్య కోడాన్ మూడో స్థానం మార్పులతో నిండిపోయి ఉంటుంది, తీసేసి చూడు. చెట్టు గీసే ఐక్యూ-ట్రీ ప్రోగ్రాంలో జీన్‌కు ఒక పార్టిషన్ (విడి భాగం). అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ వాడితే 95 పైనే నమ్మదగ్గది, మామూలు బూట్‌స్ట్రాప్‌లో 70ని ఒప్పుకున్నట్టు ఇక్కడ ఒప్పుకోకూడదు. టీలు ఎక్కువున్న పురుగులు బంధుత్వం లేకపోయినా ఒక దగ్గర చేరతాయి. అనుమానం వస్తే ఫైలోబేస్‌లో క్యాట్-జీటీఆర్ మోడల్‌తో సరిచూడు.
కాలం లెక్క వేయాలనిపిస్తే పది లక్షల ఏళ్ళకు 2 శాతం అనే పాత రేటు తెచ్చి పెట్టకు. అది క్షీరదాలది, జలగది కాదు.

గోదారిఖని_గొర్రె
బర్రె పెంపకం మొదలైనప్పుడే జలగ కూడా వచ్చిందని రాస్తే పేపరోళ్ళు మంచిగ వేసుకుంటరు సార్.

చెట్టు_కొమ్మ
అందుకే రాయొద్దంటున్నా. పశువుల పెంపకం దాదాపు పదివేల ఏళ్ళ ముచ్చట, జలగ జాతులు అంతకంటే చాలా ముందే విడిపోయాయి. మైటో ఎక్కడ నిజంగా పనికొచ్చిందో చూడాలంటే పశువుల దగ్గరికే పో. మూపురం ఉన్న మన ఆవుల మైటోకూ, యూరప్ ఆవుల మైటోకూ పెంపకం మొదలుకాక ఎంతో ముందునుంచే దూరం ఉంది. రెండు చోట్ల విడివిడిగా మచ్చిక చేశారనే మాట 1994లో ఆ తేడాతోనే నిలబడింది.

రెండో_వరస
పొట్ట జలగలకు కూడా ఇదే పద్ధతేనా? గొర్రెల రుమెన్‌ల చానా దొరుకుతయ్.

ఓరుగల్లు_జెల్
పద్ధతి అదే, రెండు జాగ్రత్తలు ఎక్కువ. ఒకే పొట్టల మూడు నాలుగు జాతులు పక్కపక్కన ఉంటయ్, కండ్లతో తేడా తెల్వది. కాబట్టి పిడికెడు కలిపి రుబ్బొద్దు, పురుగుకొక ట్యూబు. రెండోది, అవి కండపుష్టి ఉన్నవి, ప్రొటినేజ్-కె ఒక్కసారి సరిపోదు, పొద్దున మళ్ళీ వెయ్యాలె. పైన అంటుకున్న గడ్డి పసరు పీసీఆర్‌ను ఆపుతది, డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి చూడు.
ఫార్మలిన్‌ల పెట్టిన మ్యూజియం సీసాల జోలికి మాత్రం పోకు. ఆల్కహాల్ 95 శాతం పైన, మర్నాడు ఒకసారి మార్చాలె, లేకుంటే పురుగుల నీళ్ళతోటి పలచనయితది. ఎండాకాలం మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టు.

మామునూరు_పశువైద్యం
లేబుల్ పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి ట్యూబు లోపలే వేయండి. మార్కర్ ఇంకు ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.